ఆ ముక్క ఏదమ్మా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆరేళ్ళ కిందట ఒక పెద్ద ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుని మా అత్తగారు నన్నొక ప్రశ్న వేశారు. "ఏమే, ఎదురింటావిడకీ ఇదే జబ్బు, మన పిల్లకీ ఇదే జబ్బు. ఆవిడ రోజూ ఒక మాత్ర మింగి ఇంటిపనంతా చేసుకుంటోంది. మన పిల్లకి మాత్రం ఈ సూదులేమిటి, ఈ జుట్టు రాలడమేమిటి? తెలియక చేస్తున్నారా, డబ్బు కోసం చేస్తున్నారా?" అన్నారు.

మన పిల్ల అంటే మా తోడికోడలు. నాకు చెల్లెలి లాంటిది. అత్తగారి ప్రశ్నకి ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. డాక్టరమ్మగారిని అడిగి, దొరికినది చదివి, నాకు బోధపడినంత మేర ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను. ఇలాంటి ప్రశ్న ఏ ఇంట్లోనైనా పుట్టవచ్చు గదా!

ముందు మా ఇంట్లో జరిగిన పొరపాటు చెబుతాను. మా తోడికోడలికి రొమ్ములో రేగిపండంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు, సలుపు లేదు. వాళ్ళ ఊళ్ళోనే ఒక చిన్న నర్సింగ్ హోములో చూపించుకుంది. "కొవ్వుగడ్డ, భయం లేదు" అని తీసేశారు. రెండు కుట్లు పడ్డాయి. సాయంత్రానికి ఇంటికి వచ్చేసింది. అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. తీసిన గడ్డను పరీక్షకు పంపారా అని వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి అదే చోట మళ్ళీ గడ్డ, చంకలో ఇంకొకటి.

ఈసారి పట్నానికి తీసుకొచ్చాం. డాక్టరమ్మగారు చేత్తో చూసి, కాగితాలన్నీ తిరగేసి, తలెత్తి అడిగిన మొదటి మాట ఇది. "మొదటిసారి తీసిన ముక్క ఏదమ్మా?"

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ముక్క ఏ చెత్తబుట్టలో కలిసిందో ఎవరికి తెలుసు? చింతకాయ తొక్క పారేసినట్టు పారేశాం. జబ్బు పేరూ, దానికి లొంగే మందు పేరూ అందులోనే ఉన్నాయని అప్పుడు మాకు తెలియదు. ఎనిమిది నెలలు జబ్బుకి ఉచితంగా ఇచ్చుకున్నాం.

మళ్ళీ సూదితో కొత్త ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చాకనే మందు మొదలుపెట్టారు. మా అత్తగారి ప్రశ్న నేను డాక్టరమ్మగారి దగ్గర పెడితే ఆవిడ కోప్పడలేదు. నా చేతిలో ఉన్న తాళాల గుత్తి చూపించి ఇలా చెప్పారు. "రొమ్ము కాన్సరు అంటే ఒకటే జబ్బు కాదమ్మా. పేరు ఒకటి, తలుపులు వేరు. కొన్ని కాన్సరు కణాలకి ఆడవాళ్ళ హార్మోను పట్టే తాళంకప్పలు ఉంటాయి. వాటిని రిసెప్టర్లంటారు. మీ ఎదురింటావిడకి ఆ కప్పలున్నాయి. హార్మోను అందులో దూరకుండా ఆ మాత్ర అడ్డుపడుతుంది. మీ అమ్మాయికి ఆ కప్పలే లేవు. కప్ప లేని తలుపుకి ఆ తాళంచెవి ఎందుకు? ఈమెకు హెర్-2 అనేది ఎక్కువగా ఉంది. దానికి వేరే మందుంది."

అదీ సంగతి. ఎదురింటావిడ మాత్ర మా పిల్లకిస్తే ఏమీ పనిచేసేది కాదు. మా పిల్ల మందు ఆవిడకి పెట్టినా ప్రయోజనం ఉండేది కాదు.

ఈ చిన్నమాట తెలుసుకోవడానికి డాక్టర్లకి చాలాకాలం పట్టింది. 1896లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే సర్జను ఒక వింత బయటపెట్టాడు. రొమ్ము కాన్సరు ముదిరిన స్త్రీకి అండాశయాలు తీసివేస్తే గడ్డలు కరిగాయి. ఆ తర్వాత ఎందరో సర్జన్లు అదే పని చేశారు. సుమారు మూడోవంతు మందిలోనే గుణం కనిపించింది. మిగిలిన రెండువంతుల స్త్రీలూ ఆపరేషను బాధ పడ్డారు, ఫలితం మాత్రం సున్న. ఎవరికి గుణమిస్తుందో ముందుగా చెప్పలేకపోయారు. షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ 1950ల చివర మొదలుపెట్టిన పరిశోధనలలో ఆ హార్మోను రిసెప్టరు సంగతి తేలాక గాని ఆ చిక్కుముడి విడలేదు. మా ఎదురింటావిడ మింగే టామోక్సిఫెన్ మాత్ర 1970లలో వాడుకలోకి వచ్చింది. హెర్-2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఇప్పుడది మన దేశంలోనూ తయారవుతోంది.

ఇక్కడ మన తెలుగువాడి ముచ్చట ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో ఆయన ఆధ్వర్యంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన లెక్క ఇది. మందు పుచ్చుకున్న పిల్లలు 16 మంది. అందులో 10 మందికి తగ్గుముఖం పట్టింది. అదీ తాత్కాలికంగానే. కాని అంతకుముందు ఆ పాటి ఆశ కూడా లేదు. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

తల్లులుగా మనం ఆ పదిమందిని చూసి సంతోషిస్తాం. కాని నా మనసు మిగిలిన ఆరుగురి దగ్గర ఆగిపోతుంది. అదే జబ్బు, అదే మందు. మరి వాళ్ళకెందుకు పనిచెయ్యలేదు? ముందే తెలిసి ఉంటే ఆ పసివాళ్ళను ఆ బాధ పెట్టకుండా ఇంకోటేదైనా చూసేవారు కదా? బీట్సన్ దగ్గర వచ్చిన ప్రశ్నే ఇక్కడా వచ్చింది. మా అత్తగారు వరండాలో అడిగిందీ అదే.

మరి మందును మనిషి మీద ప్రయోగించకుండా, ముందే ఆ మనిషి కాన్సరు కణాల మీద ప్రయోగించి చూడవచ్చు గదా అని మీకు తోచవచ్చు. ఇలాంటి పరీక్ష మీకు తెలియనిదేం కాదు. పిల్లలకి మూత్రంలో మంటగా ఉంటే డాక్టరు కల్చర్ పరీక్ష రాస్తారు. లేబొరేటరీలో జున్నులాంటి పదార్థం పోసిన పళ్ళెంలో ఆ సూక్ష్మజీవుల్ని పెంచి, రకరకాల మందులు అద్దిన కాగితపు బిళ్ళలు పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకుండా శుభ్రంగా ఉంటుందో ఆ మందు పనిచేస్తుందన్నమాట. రిపోర్టులో ఒక్కో మందు పక్కన ఎస్ అనో, ఆర్ అనో వేసి ఇస్తారు. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు.

కాన్సరు కణాలకు కూడా ఇలాంటి పరీక్షే చెయ్యాలని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా పాటుపడుతున్నారు. ఎలా చేస్తారంటే, ఆపరేషనులో తీసిన పచ్చి ముక్కను సన్నగా తరిగి, కణాలు ఒకదానికొకటి పట్టు వదిలేటట్టు కొన్ని రసాలు కలిపి, జల్లెడ పడతారు. అలా విడివడిన కణాల్ని చిన్నచిన్న గుంటలున్న పలకలో సమంగా పోస్తారు. మన గుంతపొంగణాల పెనం చూడండి, అలాంటిదే. కాకపోతే అర చేతంత పలకలో 96 గుంటలుంటాయి, 384 ఉన్నవీ ఉన్నాయి. ఒక వరసకి ఒక మందు. మొదటి గుంటలో చిటికెడు, రెండోదానిలో అంతకు ఎక్కువ, అలా మోతాదు పెంచుకుంటూ పోతారు. ఒక వరసలో మందు లేకుండా ఉత్త కణాలు ఉంచుతారు. పోల్చుకోవాలి గదా! శరీరపు వెచ్చదనానికి సరిగ్గా, 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచుతారు.

ఆ తర్వాత ఎన్ని బతికాయో లెక్కించాలి. లక్షల కణాల్ని ఒక్కొక్కటిగా ఎవరు లెక్కపెడతారు? అందుకు ఉపాయాలున్నాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుంది చూడండి, అలా రంగు మారే మందు ఒకటుంది. పసుపు పచ్చగా పోస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకి తిప్పుతాయి. రంగు ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు. ఈ పద్ధతి 1983లో వచ్చింది. ఇంకో పద్ధతి మరీ ముచ్చటైంది. మిణుగురు పురుగు ఒంట్లో వెలుగునిచ్చే పదార్థాన్ని ఆ గుంటల్లో కలుపుతారు. బతికున్న కణాల్లో ఏటీపీ అనే శక్తి ఉంటుంది. అది తగలగానే ఆ గుంట మినుకుమని వెలుగుతుంది. చచ్చిన కణాల్లో ఏటీపీ మిగలదు, వెలుగూ ఉండదు. ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి కనిపెట్టింది ఎవరనుకున్నారు? మన సుబ్బారావుగారే! అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనిపెట్టాడు.

కణాల బలం సగానికి తగ్గడానికి ఎంత మోతాదు పట్టిందో గుర్తిస్తారు. కొంచెం మందుకే సగమైతే కణం లొంగినట్టు. ఎంత పోసినా కదలకపోతే మొండికేసినట్టు. అయితే ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. క్రిములు పరాయివి. కాన్సరు కణాలు మన ఒంట్లో పుట్టినవే. వాటిని చంపే మోతాదు మంచి కణాల్ని కూడా చంపితే ఏం లాభం? కలుపుతోపాటు వరి కూడా పీకినట్టవుతుంది. అందుకే ఆ మోతాదు మనిషి రక్తంలో భరించదగినదేనా, మంచి కణాల్ని బతకనిస్తుందా అని కూడా చూస్తారు.

ఇంత బాగుంటే అందరికీ ఎందుకు చెయ్యరు అంటారా? నేనూ అదే అడిగాను. చిక్కులున్నాయి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. కాన్సరు దగ్గర ఆ లెక్క చెల్లదు. ఒకే గడ్డలో ఈ పక్క కణాలు ఒక రకంగా, ఆ పక్కవి ఒక రకంగా ఉండవచ్చు. రొమ్ములో ఉన్నదీ, చంకలోకి పాకినదీ ఒకటే కానక్కరలేదు. పైగా శరీరంలో కణం చుట్టూ రక్తం ఉంటుంది, ఇరుగుపొరుగు కణాలుంటాయి. పలకలో అవేవీ ఉండవు. సైక్లోఫాస్ఫమైడ్ అని కీమోలో ఎంతో పేరున్న మందుంది. అది కాలేయంలోకి వెళ్ళి మారితే గాని కాన్సరు మీద పనిచెయ్యదు. దాన్ని తిన్నగా పలకలో పోస్తే ఉత్త నీళ్ళ లాంటిదే! ఆ పరీక్ష చూసి "ఈ మందు దండగ" అంటే రోగికి అన్యాయం జరిగినట్టే గదా.

1977, 78 సంవత్సరాలలో అమెరికాలోని అరిజోనాలో హాంబర్గర్, సాల్మన్ అనే ఇద్దరు రోగుల కాన్సరు కణాల్ని జిగురులాంటి పదార్థంలో పెంచి మందులు పరీక్షించారు. అప్పుడు ఎంతో ఆశ పుట్టింది. కాని చాలామంది కణాలు బయట పెరగనే లేదు. పెరిగిన వాటిలో "ఈ మందు పనిచెయ్యదు" అన్న మాట గట్టిగా నిలిచింది. "పనిచేస్తుంది" అన్న మాట అంత గట్టిగా నిలవలేదు. పెళ్ళిసంబంధాల్లో "వద్దు" అన్నంత నిబ్బరంగా "సరే" అనలేం గదా, అలాగన్నమాట. అమెరికా కాన్సరు వైద్యుల సంఘం 2004లోనూ, మళ్ళీ 2011లోనూ ఈ పరీక్షల్ని తూకం వేసి, పరిశోధనలలో తప్ప మామూలు వైద్యంలో వీటిని బట్టి మందు నిర్ణయించవద్దని చెప్పింది.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2009లో నెదర్లాండ్సులో హాన్స్ క్లెవర్స్ బృందం పేగు కణాలనుంచి బుల్లి పేగు లాంటి ముద్దల్ని పెంచింది. వాటిని ఆర్గనాయిడ్లంటారు. విడికణాలలా కాక, అవి అవయవం పోలికలో అల్లుకుని పెరుగుతాయి. తర్వాత కాన్సరు ముక్కలనుంచి కూడా అలా పెంచడం నేర్చారు. లండన్‌లో పేగు, పొట్ట మొదలైన కాన్సర్లు ముదిరిన రోగుల ముక్కలతో ఈ పని చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఏ మందుకి ముద్ద లొంగలేదో ఆ మందుకి రోగి ఒక్కరూ లొంగలేదు. ముద్ద లొంగిన చోట నూటికి 88 వంతున రోగికీ గుణమిచ్చింది. రోగులు కొద్దిమందే అనుకోండి, అయినా మంచి కబురే.

రక్తకాన్సరుకి ఇంకొక సదుపాయం ఉంది. కణాలు రక్తంలోనూ, మజ్జలోనూ దొరుకుతాయి, గడ్డ కొయ్యక్కర లేదు. ఫిన్లాండు దేశంలో హెల్సింకిలో మజ్జకణాలమీద వందలాది మందులు పరీక్షించి, జన్యువుల పరీక్షలు కూడా జోడించి, డాక్టర్లందరూ కూర్చుని ఒక్కొక్క రోగికి మందు ఎంచారు. అప్పటికే మామూలు వైద్యానికి లొంగనివారు, తగ్గి తిరగబెట్టినవారు 37 మందికి అలా మందు ఇచ్చి 2022లో లెక్క చెప్పారు. నూటికి 59 వంతున గుణం కనిపించింది. అందులో కొందరు మజ్జ మార్పిడి చికిత్స దాకా వెళ్ళగలిగారు. అన్ని దారులూ మూసుకుపోయిన వారికి ఇది చిన్నమాటా?

ఇదంతా విని "మన ఇంట్లో మనమేం చెయ్యాలి" అంటారేమో. మా పొరపాటు మీరు చెయ్యకండి. అంతే నేను చేతులు జోడించి చెప్పేది.

ఒంట్లోనుంచి ఏ గడ్డ తీసినా, అది కొవ్వుగడ్డ అన్నా సరే, "దీన్ని పరీక్షకు పంపుతున్నారా?" అని ఆపరేషనుకి ముందే అడగండి. ముక్కను వెంటనే ఫార్మలిన్ అనే మందునీళ్ళలో వెయ్యాలి. ఉప్పునీళ్ళలోనో, ఉత్త సీసాలోనో రాత్రంతా ఉంచితే పాడైపోతుంది. పరీక్ష అయ్యాక లేబొరేటరీవాళ్ళు దాన్ని మైనపు దిమ్మలో దాస్తారు. అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వేరే డాక్టరు దగ్గరకు వెళితే ఆ దిమ్మనూ, గాజు పలకల్నీ అడిగి పట్టుకెళ్ళవచ్చు. నగల చీటీ దాచినట్టు ఆ రిపోర్టులు దాచండి. రొమ్ము కాన్సరైతే ఈఆర్, పీఆర్, హెర్-2 అనే మూడు ఫలితాలూ అందులో ఉన్నాయా అని చూడండి. ఇవి ప్రయోగాలు కావు, రూఢి అయిన పరీక్షలు. ఇవి లేకుండా మందు మొదలుపెడుతున్నామంటే, ఎందుకని మర్యాదగా అడగండి. అడిగినంత మాత్రాన మంచి డాక్టరు కోప్పడరు.

ఇక నేను చెప్పిన బతికున్న కణాల పరీక్ష సంగతి వేరు. దానికి ఫార్మలిన్‌లో వేసిన ముక్క పనికిరాదు. ఆ నీళ్ళలో కణాలు చచ్చిపోతాయి. పచ్చి ముక్క కావాలి, ముందే ఏర్పాటు చేసుకోవాలి. చాలాచోట్ల అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. "ఇంత డబ్బు కట్టండి, మీకు సరిపోయే మందు తేల్చి చెబుతాం" అని ఎవరైనా అంటే తొందరపడి గాజులు తాకట్టు పెట్టకండి. చూస్తున్న డాక్టరునే అడగండి. "ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి మీరు ఇచ్చే మందు మారుతుందా?" మారుతుందంటే చేయించండి. మారదంటే ఆ డబ్బు వైద్యానికి ఉంచుకోండి. ఒకవేళ పెద్ద ఆసుపత్రిలో పరిశోధనలో చేరతారా అని అడిగితే భయపడి పారిపోకండి. వివరాలన్నీ విని, ఇంట్లో ఆలోచించుకుని చెప్పండి.

మరో మాట. పక్కింటావిడకి తగ్గిందని ఆవిడ మందు చీటీ తెచ్చుకునే అలవాటు మనలో ఉంది. తలనొప్పి దగ్గరే అది తప్పు. కాన్సరు దగ్గర అది ప్రాణాంతకం. "ఆవిడకి తగ్గింది, నీకెందుకు తగ్గలేదు?" అని రోగిని అడగడం కూడా మానేద్దాం. అందులో రోగి తప్పేముంది, పాపం?

మా తోడికోడలు సంగతి చెప్పలేదు గదూ! కీమోతోపాటు ఆ హెర్-2 మందు మూడు వారాలకొకసారి చొప్పున ఏడాదిపాటు ఎక్కించారు. ఆపరేషను అయింది. జుట్టు రాలి, మళ్ళీ ఒత్తుగా వచ్చింది. మొన్న సంక్రాంతికి నాకంటే ముందు లేచి ముగ్గు వేసింది. ఇప్పటికీ ఆరునెలలకొకసారి పరీక్షకి వెళ్ళేటప్పుడు ఇద్దరం చేతులు గట్టిగా పట్టుకునే వెళతాం. ఆ ఎనిమిది నెలలు గుర్తొస్తే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పోయిన నెల మా అత్తగారికి వీపుమీద చిన్న కంతి తీశారు. ఎనభై ఏళ్ళ మనిషి, బల్లమీద బోర్లా పడుకునే డాక్టరుగారిని అడిగారట. "బాబూ, ఆ ముక్క పారెయ్యకు. పరీక్షకి పంపు" అని. వచ్చిన ఫలితం ఉత్త కొవ్వుగడ్డే. ఆ కాగితం ఆవిడ పంచాంగంలో పెట్టి దాచుకున్నారు.